దీపం ఘనం చెయ్యండి!

స్నానాలగదికి దీపం ఎందుకండీ?

కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న నేను ఆషామాషీగా అడగడం లేదు. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక పెంకుటింటి వెనక వాటాలో అద్దెకుంటూ, ఆ ఇంటి పెరట్లో ఉన్న స్నానాలగదిని ఏళ్ల తరబడి పరిశీలించి, ఆఫీసులో పని లేని వేళల్లో బాగా ఆలోచించి, చివరికి తేల్చుకున్న విషయం ఇది. మనిషి పడే బాధల్లో సగానికి కారణం స్నానాలగదిలో వెలుతురు! మిగతా సగానికి కారణం మా ఆఫీసరు. ఆయన ఊసు ఇక్కడ వద్దు.

ఈమధ్య జనానికి మరీ వేలంవెర్రి పట్టుకుంది. కొత్తగా ఇల్లు కట్టే ప్రతివాడూ బాత్ రూమ్ అంటాడు, అందులో అద్దం అంటాడు, అద్దం మీద ట్యూబులైటు అంటాడు. లోపల చేసే ఘనకార్యం ఏమిటి? నాలుగు చెంబులు నీళ్లు పోసుకోవడం. దానికి ట్యూబులైటా? ఎంత వెలుతురు పెట్టినా ఎవరి వీపు వాళ్లకు కనపడదు కదా!

మా స్నానాలగది చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. నూతికి అవతల, జామచెట్టు పక్కన, ఇటుకగోడలు, పైన రేకు. లోపల నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక మూల పొయ్యి, పొయ్యి మీద రాగి కాగు. పక్కన చన్నీళ్ల గంగాళం. సందువైపు గోడకు బారెడు కిటికీ, దానికి మసక అద్దం. ఆ కిటికీకి ఎదుటి గోడమీద, రేకు కింద, ఒక జీరో బల్బు.

ఆ బల్బు గురించి ఒక్క మాట చెప్పాలి. పొయ్యి పొగ పట్టీ పట్టీ అది వంకాయ రంగుకు తిరిగింది. వెలుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఇంకో దీపం పట్టుకు వెళ్లాలి. అంత వినయంగల బల్బును నేను మరెక్కడా చూడలేదు.

మరి దాని స్విచ్ ఎక్కడుందనుకున్నారు? గదిలో కాదు. గది బయటా కాదు. పెరడంతా దాటి, ఇంటి యజమాని వెంకటరత్నంగారి వరండాలో, ఆయన తల్లిగారి నులకమంచం తలవైపు ఉంది!

వెంకటరత్నంగారు బెల్లం హోల్ సేల్ వ్యాపారి. భార్యా పిల్లలూ చదువుల కోసం కాకినాడలో ఉంటారు. ఇక్కడ ఆయనా, ఆయన తల్లి రత్నమాణిక్యంగారూ. పిసినారి అని మాత్రం అనుకోకండి. వినాయకచవితికి వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా సొంత డబ్బుతో లైట్లు కట్టించే మనిషి. ఆయనది పిసినారితనం కాదు, సిద్ధాంతం. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉండకూడదన్నది ఆయన సిద్ధాంతం. స్విచ్ ఎంత దూరంగా ఉంటే ప్రాణాలకు అంత భద్రమని ఆయన నాతో చాలాసార్లు అన్నారు. ఆ లెక్కన స్విచ్ సామర్లకోటలో పెట్టించి ఉంటే ఇంకా భద్రంగా ఉండేది. కాని, వైరు చాలదని ఊరుకున్నారేమో.

దీనివల్ల ఎంత క్రమశిక్షణ అలవడిందో చూడండి. మా ఇంట్లో స్నానానికి వెళ్లే మనిషి, తువ్వాలూ చీరా భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, "మామ్మగారూ, లైటు!" అని కేకెయ్యాలి. ఆ కేక వరండాకు చేరాలి. దారిలో సందులోనూ వినపడుతుంది. సందు మలుపులో పెసరట్ల బండి చిట్టియ్యకు వినపడుతుంది. బండి చుట్టూ నిలబడి తింటున్నవాళ్లకు వినపడుతుంది. ఇన్నీసుపేటలో ఎవరు ఎప్పుడు స్నానం చేస్తున్నారో నలుగురికీ తెలియడం ఆరోగ్యకరం కాదా?

ఇక మామ్మగారు మంచం మీదే లేచి కూర్చుని స్విచ్ వేస్తారు. వేసి, దీపం వైపు తిరిగి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడిస్తారు. పెద్దవాళ్లకు దీపం వెలిగితే దణ్ణం పెట్టడం అలవాటు. అది దేవుడి గదిలో వెలిగిందా, స్నానాలగదిలో వెలిగిందా అన్న పట్టింపు ఆవిడకు లేదు. లోపల తలకు కుంకుడురసం పట్టించుకుంటున్న మనిషికి బయటి నుంచి నమస్కారం! ఏ మంత్రిగారికి దక్కుతుందండీ ఈ మర్యాద?

స్నానం అయ్యాక దీపం తియ్యాలంటే మళ్లీ కేకే. అయితే 'లైటు ఆర్పెయ్యండి' అంటే మామ్మగారికి కోపం వస్తుంది. ఆవిడ నోట 'ఆర్పు' అన్న మాట రాదు, ఇంకొకరు అంటే వినరు. దీపాన్ని ఆర్పమనడం అశుభం. డబ్బాలో బియ్యం అయిపోతే మనం 'నిండుకున్నాయి' అంటాం చూడండి, అలాగే దీపం తీసెయ్యాలంటే ఆవిడ 'ఘనం చెయ్యి' అంటారు. 'అమ్మాయ్, స్నానం అయిందా? దీపం ఘనం చెయ్యనా?' అని అడుగుతారు. అడిగి, జవాబు కోసం చూడకుండా ఒక్కోసారి ఘనం చేసేస్తారు. లోపల ఉన్నవాళ్లు సబ్బు నురగతో కటిక చీకట్లో నిలబడి ఓర్పు నేర్చుకుంటారు.

అసలు చీకటివల్ల లాభాలు ఒకటా రెండా! మా ఆవిడ బాలాత్రిపురసుందరికి పెళ్లినాటికి పెద్దగా భక్తి ఉండేది కాదు. ఈ ఇంటికొచ్చాక చూడండి, స్నానాలగది తలుపు వేసుకున్నది మొదలు బయటపడేదాకా ఆంజనేయ దండకమే! గొంతెత్తి, ఊపిరి తిప్పుకోకుండా చదువుతుంది. ఏ స్వాములవారి ఉపన్యాసం తేగలదు ఇలాంటి మార్పు?

ఇంకోసారి శనగపిండి డబ్బా అనుకుని పక్కనున్న ముగ్గుపిండి డబ్బా తీసి ఒళ్లంతా నలుగు పెట్టుకుంది. బయటికొచ్చాక ఎంత తెల్లగా మెరిసిపోయిందో చెప్పలేను. ఆ తరవాత రెండు రోజులు ఒళ్లు మండిందట, అది వేరే సంగతి.

మామ్మగారి సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ పెళ్లయి కాపురానికి వచ్చినప్పటి నుంచీ, తెల్లవారకముందే, ఆ గదిలోనే స్నానం. ముందు కరెంటు లేదు, తరవాత ఈ బల్బు వచ్చింది. ఆవిడకు రెంటికీ తేడా తెలియలేదు. కాలి బొటనవేలితో గచ్చును తడుముకుంటూ వెళ్తారు, ఎక్కడ పాచి ఉందో, ఎక్కడ గచ్చు లేచిందో వేలితోనే చెబుతారు. వెలుతుర్లో పెరిగినవాళ్లకు అబ్బుతుందా ఈ విద్య?

ఇక జీవకారుణ్యం ఉంది. చల్లగా, చీకటిగా ఉండే చోటు మనకొక్కరికే ఇష్టమా? కప్పలకూ ఇష్టమే. వానాకాలంలో ఒకటి వచ్చి గంగాళం వెనక కాపురం పెట్టింది. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, దానికీ లైటు అక్కర్లేదు.

సరిగ్గా ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

అప్పుడు సుందరికి ఏడో నెల. ఒకనాడు తెల్లవారుజామున దండకం సగంలో ఉండగా కప్ప మీద కాలేసింది. జారింది. గంగాళం అంచు చేతికి దొరికింది కాబట్టి పడిపోకుండా అలాగే చతికిలబడింది. గంగాళం బోర్లపడ్డ చప్పుడుకు మామ్మగారు మంచం మీంచి లేచి పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కాని, ఆ పూట ఆఫీసులో ఫైలు తలకిందులుగా పెట్టుకుని సంతకం చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి, పంటలకు కప్పలు చేసే మేలు గురించి ఆవిడకు నెమ్మదిగా చెప్పబోయాను. ఆవిడ వినలేదు. పురిటికి కోరుకొండ పుట్టింటికి వెళ్లేదాకా స్నానానికి పక్కవీధిలో పిన్నిగారింటికి వెళ్లింది. బస్సెక్కించిన రోజున, సీటులో కూర్చుని, కిటికీలోంచి నన్ను దగ్గరకు పిలిచి మరీ చెప్పింది.

"పాపో బాబో, ఎవరైనా ఆ గదిలోనే నీళ్లు పొయ్యాలి కదండీ. కప్ప నాకు కనపడాలి. నేను ఎవరికీ కనపడకూడదు. ఆ రెండూ కుదిరాకే నేనొస్తాను."

బస్సు కదిలింది. నేను అక్కడే నిలబడి ఆ రెండు ముక్కలూ నెమరు వేసుకున్నాను. పాఠకులారా, మీరే చెప్పండి, ఇది న్యాయమైన కోరికేనా? కప్ప కనపడేంత వెలుతురు ఉంటే మనిషి కనపడదా? మనిషి కనపడనంత చీకటి ఉంటే కప్ప ఎలా కనపడుతుంది? పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తల బద్దలు కొట్టుకోవలసిన సమస్యను, ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా నెత్తిన పెట్టి పుట్టింటికి వెళ్లిపోవడమేనా సంసారధర్మం?

వెంకటరత్నంగారి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. ఆయన తీసిపారెయ్యలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆలోచిద్దాం మూర్తిగారూ అన్నారు. అలా ఆలోచిస్తూ ఉండగానే వానలు వెళ్లాయి, కార్తీకం వెళ్లింది. ఈలోగా నాకు కూతురు పుట్టింది. మంచి నిండుగా ఉంది, పిడికిళ్లు బిగించుకుని నా వైపు చూసింది. దాన్ని ఎత్తుకున్నాక నాకు ఇన్నీసుపేటలో ఒక్కడినీ ఉండబుద్ధి కాలేదు, నిజం చెబుతున్నాను. ఐదో నెల రాగానే తీసుకొస్తామని మామగారు కబురు పెట్టారు. వాళ్లు రావడం ఖాయమే, ఉండడం మాత్రం దీపం మీద ఆధారపడి ఉంది.

ఇక లాభం లేదని ఎలక్ట్రీషియన్ లోవరాజును పిలిచాను.

లోవరాజు పని పెళ్లిపందిళ్లకు లైట్లు కట్టడం. సీరియల్ సెట్లు, ఆర్చీలు, రంగు రంగుల గొలుసులు. లగ్గాలు లేని రోజుల్లో ఇలాంటి చిల్లర పనులకు వస్తాడు. నలభై క్యాండిల్ బల్బు ఒకటి తెచ్చి, వంకాయ రంగు బల్బు విప్పి, దాని చోట ఇది బిగించాడు. వరండాకు పోయి స్విచ్ వేసి చూసుకున్నాడు. బాగానే వెలిగింది. నేను ఆఫీసుకు వెళ్లిపోయాను.

నేను వెళ్లాక మామ్మగారు బయటికొచ్చి చూశారు. పట్టపగలు దీపం వెలుగుతోంది. దణ్ణం పెట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుంటున్న లోవరాజుతో, ఇంక ఆ దీపం ఘనం చెయ్యి నాయనా అన్నారు.

లోవరాజు బతుకంతా పెళ్లిపందిళ్లలో గడిచింది. ఆడపెళ్లివారు ఘనంగా ఉండాలంటారు, మగపెళ్లివారు ఇంకా ఘనంగా ఉండాలంటారు. ఘనం అన్న మాటకు అతనికి తెలిసిన అర్థం ఒక్కటే! స్నానాలగదికి ఎందుకింత ఘనం అనుకున్నా, పెద్దావిడ ముచ్చటపడి అడిగింది కదా అని, సైకిలేసుకుని వెళ్లి, పందిట్లో పెళ్లిపీటల మీద వేలాడదీసే రెండువందల క్యాండిల్ బల్బు తెచ్చి బిగించాడు. బిగించి, స్విచ్ కట్టేసి వెళ్లిపోయాడు. సంగతి మాలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ మీకొక సందేహం వచ్చి ఉంటుంది. ఇంతసేపూ భార్య సంగతి చెప్పాడు, ముసలావిడ సంగతి చెప్పాడు, ఇతగాడు ఆ చీకటిగదిలో ఎలా స్నానం చేస్తున్నాడని అనుమానం రావడం సహజం. నేనా? నేను నూతిచప్టా మీద చేస్తానండి! నేనూ, వెంకటరత్నంగారూ. తువ్వాలు చుట్టుకుని, చల్లటి నీళ్లు చేదుకుని, పేరుకు తగ్గట్టు సూర్యనారాయణమూర్తినై, నిండు వెలుతుర్లో. మగవాళ్లకు గది ఎందుకు?

ఆ రోజు మాత్రం నూతిలో పూడిక తీస్తున్నారు. చప్టా నిండా బురద. చీకటి పడ్డాక, గంగాళంలో నీళ్లున్నాయి కదా అని, కొత్తగా ఏర్పాటైన వెలుతురు కూడా చూసినట్టు ఉంటుందని, జీవితంలో మొదటిసారి స్నానానికి ఆ గదిలోకి అడుగుపెట్టాను. మామ్మగారూ లైటు అన్నాను. మామ్మగారు స్విచ్ వేశారు.

అబ్బ! ఏం చెప్పమంటారు! గంగాళం మీద మాటు వేసిన చోటు కనపడింది. రేకులో మేకు కన్నాలు కనపడ్డాయి. గంగాళం వెనక కప్ప కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. నా బొజ్జ మీద ఒక పుట్టుమచ్చ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. వెలుతురంటే ఇదీ అనుకుని, ఉత్సాహం పట్టలేక, ఒళ్లంతా సబ్బు రుద్దుకుంటూ ఒక పద్యం ఎత్తుకున్నాను. కుర్రతనంలో నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేసినవాణ్ణి. రాగం తీస్తే ఆపడం నా చేతుల్లో ఉండదు.

మొదటి రాగం అయ్యేసరికి బయట చప్పట్లు వినపడ్డాయి. కళాభిమానులు, అనుకున్నాను. సబ్బు కంట్లో పడింది. మంటకు ఒంటికాలి మీద గెంతాను. చప్పట్లు పెరిగాయి. చెంబు కోసం తడుముకుంటూ ఇటు వంగాను, అటు వంగాను. ఈలలు మొదలయ్యాయి. చివరి రాగానికి చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. సందులోంచి "వన్స్ మోర్!" అని కేక!

గోదావరి జిల్లాల్లో పుట్టినవాణ్ణి. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడకుండా ఎలా ఉంటాను? పాడాను.

బయటికొచ్చాక తెలిసింది. బల్బు వెనక గోడకుంది, కిటికీ ముందు గోడకుంది, మధ్యలో నేను. సందులోంచి చూసేవాళ్లకు ఆ బారెడు మసక అద్దం తోలుబొమ్మలాట తెర అయిపోయింది. బొజ్జ, జంధ్యం, చెంబు, గెంతులు, ఏదీ పోకుండా స్పష్టంగా పడ్డాయట. పెసరట్లు తినడానికొచ్చినవాళ్లు పెసరట్లు చల్లారిపోతున్నా చూస్తూ నిలబడ్డారట. చిట్టియ్య చాలా మర్యాదస్తుడు. మర్నాడు పొద్దున్నే నేను సందులోకి వస్తే ఎదురొచ్చి నమస్కారం పెట్టి, "ఇయ్యేళ కూడా ఉంటుందాండి ఆట? ఉంటే పిండి ఇంకో కుంచెడు రుబ్బించుకుంటానండి" అన్నాడు.

లోవరాజును పిలిపించి నిలదీశాం. "మామ్మగారే ఘనం చెయ్యమన్నారండి. ఆయ్, చేసేశానండి" అన్నాడు. తప్పు ఎవరిదని అంటాం? మామ్మగారు నోట అశుభం పలకనివారు, లోవరాజు పెద్దల మాట కాదననివాడు.

వెంకటరత్నంగారు మాత్రం చలించిపోయారు. ఆయన అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటి పరువు, వీధిలో మాట, అద్దెకున్న పెద్దమనిషి గౌరవం అంటూ ఆ పూట బెల్లం కొట్టు కూడా మూసేసి, నాచేత ఆఫీసుకు సెలవు పెట్టించి, వరండాలో సమావేశం పెట్టారు. కిటికీకి గోనెపట్టా కడదామన్నాను. కట్టాం. పొగ బయటికి పోక మామ్మగారు పొర్లుతున్న కన్నీళ్లతో బయటికొస్తే విప్పేశాం. అద్దానికి తారు పూయిద్దామన్నారాయన. పూయిస్తే పగలు కూడా చీకటే అవుతుంది కదా అని మామ్మగారు మెల్లగా అన్నారు, మేం వినిపించుకోలేదు, తారు దొరక్క ఊరుకున్నాం. ఆఖరికి కడియం వెళ్లి కాగితంపూల తీగ కుండీలు తెచ్చి కిటికీ కింద పెట్టాం. అవి కిటికీదాకా ఎక్కడానికి ఇంకో ఏడాది పడుతుందని నర్సరీవాళ్లు చెప్పారు.

అప్పుడు ఇద్దరం గట్టిగా ఆలోచించి, అన్నిటికన్నా భద్రమైన, గుట్టయిన, గౌరవప్రదమైన నిర్ణయం తీసుకున్నాం. బల్బు తీసేశాం! రెండువందలదీ వద్దు, నలభైదీ వద్దు, వంకాయ రంగుదీ వద్దు. హోల్డరులో దూది కుక్కించాం. ఇక నీడ పడే ప్రశ్నే లేదు. ఎంత తేలికగా తెగిపోయిందో చూశారా సమస్య!

ఆ వారంలోనే సుందరి పాపతో వచ్చింది. గుమ్మంలో దిష్టి తీయడం అయిందో లేదో, పాపను మామ్మగారి చేతికిచ్చి, తిన్నగా పెరట్లోకి వెళ్లింది. నేనూ వెంకటరత్నంగారూ వెనకాలే వెళ్లాం. ఆవిడ తలుపు తోసి, తలెత్తి, దూది కుక్కిన హోల్డరు చూసింది. నేను జరిగినదంతా చెప్పాను. వన్స్ మోర్ సంగతి చెప్పేటప్పుడు నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వింది కూడా, కొంగు నోట్లో కుక్కుకుని, గోడ పట్టుకుని మరీ నవ్వింది. నవ్వు ఆగాక నా వైపు తిరిగింది.

"మీ నీడ ఒక్క పూట అద్దం మీద పడిందని, మా దీపం తీసేశారా?" అంది.

నేను గంగాళం వైపు చూశాను. వెంకటరత్నంగారు జామచెట్టు వైపు చూశారు.

"మేం ఇన్నేళ్లు చీకట్లో పడి లేస్తే మీరు ఆలోచిస్తూ కూర్చున్నారు. మీ నీడ పడ్డ మర్నాడు కొట్టు మూశారు, సెలవు పెట్టారు."

ఇలాంటి ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పకూడదని నా అనుభవం. అందుకని నీళ్లూ కరెంటూ ఒకచోట ఉండకూడదన్న సిద్ధాంతాన్ని నేనే ఆవిడకు వివరించబోయాను. అంత గోదావరి మీద రోడ్డునూ రైలునూ ఒక్క వంతెన మీద పరుగెత్తిస్తున్నారు, ఒక బల్బునూ ఒక గంగాళాన్నీ ఒక గదిలో పెట్టలేరా అంది. వెంకటరత్నంగారికి వంతెన అంటే గర్వం. ఇంక తల ఊపేశారు.

చిన్నప్పుడు కోరుకొండ తిరునాళ్లలో ఆవిడ తోలుబొమ్మలాట ముందు కూర్చుని చూసేది కాదట, తెర వెనక దూరి చూసేదట. బొమ్మ దీపానికీ తెరకూ మధ్య ఉంటేనే నీడ. దీపాన్ని తెచ్చి తెర ఉన్న వైపే పెడితే బొమ్మ నీడ వెనక్కి పడుతుంది, ముందున్నవాళ్లకు ఏమీ కనపడదు. అంతే! లోవరాజును పిలిచి, బల్బును కిటికీ ఉన్న గోడకే, కిటికీకి పైన పెట్టించింది. పాతిక క్యాండిలు చాలంది. నీళ్లు చిందినా తగలకుండా దానికి ఒక గాజుసీసా బోర్లించి బిగించమంది. స్విచ్ మాత్రం కొత్తది తెప్పించి, గది బయట, చూరు కింద, తడి తగలని చోట, తడిచెయ్యి వెయ్యకుండా తువ్వాలు తగిలించే మేకు పక్కన పెట్టించింది. వరండాలో పాత స్విచ్ ను ఏం చెయ్యమంటారని లోవరాజు అడిగితే, వైరు తెంపేసి అక్కడే ఉంచెయ్యి, చూడ్డానికి బాగుంటుంది అంది.

కప్ప కనపడింది. లోవరాజు దాన్ని చేటలోకెత్తి నూతి అవతల వదిలాడు. సందులోంచి చూస్తే అద్దం మీద ఒట్టి పసుపుపచ్చ వెలుతురు తప్ప ఏమీ లేదు. నేను స్వయంగా వెళ్లి చూశాను, చిట్టియ్య పక్కన నిలబడి. చిట్టియ్య నిట్టూర్చాడు.

చూశారా పాఠకులారా, ఎంత నష్టమో! ఇప్పుడు మా ఇంట్లో కేకలు లేవు. ఎవరు స్నానం చేస్తున్నారో ఇన్నీసుపేటకు తెలియదు. సుందరి దండకం చదవడం మానేసింది, ఏదో కూనిరాగం తీస్తోంది. ముగ్గుపిండి ముగ్గుకే వాడుతున్నారు. క్రమశిక్షణ, భక్తి, ఓర్పు, అన్నీ ఒక్క పాతిక క్యాండిల్ బల్బుతో కొట్టుకుపోయాయి. కాబట్టి స్నానాలగదికి చీకటే మంచిదని నేనిప్పటికీ వాదిస్తాను. ఎవరికి మంచిదని మాత్రం నన్ను అడక్కండి. ఆ సంగతి ఆ గదిలో స్నానం చేసేవాళ్లను అడగాలి. అడిగే అలవాటు మా సిద్ధాంతంలో లేదు.

మొన్న సాయంత్రం మామ్మగారు పాపకు నీళ్లు పోశారు. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, కాళ్ల మీద పాపను పడుకోబెట్టుకుని, నూనె రాశారు, నలుగు పెట్టారు. పాప కెవ్వున ఏడవలేదు. గాజుసీసాలోని దీపం వైపు కళ్లింత చేసుకుని చూస్తోంది. తలుపు ఓరగా తీసి ఉంది. సుందరి వేడినీళ్లలో చన్నీళ్లు పోసి తొరుపుతోంది. నేను గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

నీళ్లు పోయడం అయింది. సుందరి పాపను తీసుకుని తువ్వాలులో చుట్టింది. మామ్మగారు లేవలేదు. చాపిన కాళ్లు అలాగే ఉంచి, వంగి, ఒక పాదాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. బొటనవేలి గోరు ఎప్పుడో చిట్లి వంకరగా పెరిగింది. దాన్ని వేలితో రాసుకున్నారు.

"కాపురానికొచ్చాక ఈ గదిలో నా కాళ్లు నేను చూసుకోవడం ఇదే మొదలమ్మా," అన్నారు.

సుందరి పాపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మామ్మగారి భుజం పట్టుకుంది.

ఇంతలో వరండాలోంచి వెంకటరత్నంగారి గొంతు వినపడింది. పాపకు నీళ్లు పోయడం అయిపోయిందని పసిగట్టారు కాబోలు. "అమ్మా, అయిందిగా. దీపం ఘనం చెయ్యనా?" అన్నారు.

మామ్మగారు పాదం మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఘనంగానే ఉందిరా. ఉండనీ."

అలవాటు కొద్దీ ఆయన అప్పటికే స్విచ్ మీద చెయ్యి వేసినట్టున్నారు. వరండాలో టక్కుమంది. గదిలో దీపం వెలుగుతూనే ఉంది.